మార్కో సార్ మేనకోడలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తాడిపత్రి దగ్గర ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. మిషన్లు బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన మార్కో సార్, కాలేజీలో చదువుతున్న తన అక్క కూతురు సెలవులకు ఇక్కడికి రావాలని, వీసా పని చూడమని నాకు అప్పగించాడు.

ఒకరోజు వీసా ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "ఈ అమ్మాయి ఆయనకు ఏమవుతుంది?" అని అడిగారు. నేను మా మేనమామనే చేసుకున్నదాన్ని. అక్క కూతురంటే ఇంక అడగాల్సిందేముంది అనుకున్నాను. "ఆయన చేసుకోబోయే పిల్ల సార్" అని ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పేశాను.

ఎదురుగా కూర్చున్న మార్కో సార్ ముఖం ఎర్రగా కందిపోయింది. లేచొచ్చి నా చేతిలోని ఫోన్ తీసుకున్నాడు. "దాని తల్లి పోయినప్పటి నుంచి నేనే పెంచాను. అది నా బిడ్డ" అన్నాడు.

మా మేనేజర్ తల పట్టుకుని, "ఏమ్మా, లోకమంతా మన మాదిరే ఉండాదనుకుంటివా?" అన్నాడు.

వీసా ఆలస్యంగానైనా వచ్చింది. ఆ అమ్మాయిని ఆయన అందరితోపాటు నాకూ పరిచయం చేశాడు. ఆమె కోసం తీసుకుపోయిన మల్లెపూలు బ్యాగులోంచి తీయడానికి నాకు చేతులు రాలేదు.

ఇప్పటికీ ఇంట్లో మా ఆయనను "మామా" అని పిలవబోయి, ఒక్కోసారి ఆగిపోతాను.