బొచ్చె తలకాయ, నేను, మా బావ

చేప తలకాయ కోసం మనిషి పగబడతాడంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో, అంటే స్వతంత్రం రేపోమాపో అని పెద్దలు అరుగుల మీద మాట్లాడుకునే రోజుల్లో, మా ఇంట్లో అది పెద్ద పదవి. అక్క పెండ్లిదాకా ఆ పదవి నాదే. కార్వేటినగరం బావ అల్లుడై వచ్చిన మొదటి పూటే అమ్మ తలకాయ ఆయన విస్తట్లో వడ్డించి, నాకు తోకముక్క వేసింది. (తోకలో ముండ్లు తప్ప ఏముంటాయి?) నాకు కడుపు రగిలిపోయింది. నాయన నవ్వి, "ఏంరా ఆ మూతి! ఏట్లో నీళ్లు వస్తాండాయి. రేపు ఎవురు సేప పట్టుకొస్తే తలకాయ వాళ్లదే, పోండి" అన్నాడు.

మరునాడు స్వర్ణముఖి ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది. అక్క గట్టున నిలబడి చూస్తోంది కదా, నేను అడుగులేని వెదురుబుట్ట, అదే ఊత, పట్టుకుని నడుములోతు వడిలోకి దిగాను. బావ చేతిలో మేము పెండ్లిలో పెట్టిన జరీకండువా తప్ప ఏమీ లేదు. "సెబాసు బామ్మర్దీ! ఆడనే గట్టిగా నిలబడుకో, కదలబాక" అంటూ నా వెనక చేరాడు. భయపడ్డాడనుకుని ఇంకా రొమ్ము విరిచాను. వడికి ఊత చేతిలోంచి ఊడి కొట్టుకుపోయింది. అంతలో వెనక దబదబమని చప్పుడు. చూస్తే కండువాలో మూరెడు బొచ్చెచేప!

"యాడ దొరికింది బావా?"

"నీ కాళ్ల ఎనకాలే అబ్బా. నీళ్లు యాడ గుద్దుతాండాయో, యాడ మెత్తగా ఉండాయో సేపకు ఒంటికే తెలుస్తాది. ఎదురీది అలిసిపోతే బండసాటున సేరుకుంటాది. ఈ ఏట్లో నీ అంత బండ ఇంకోటి యాడుండాది?"

(చేప తన ఒంటి పక్కన ఉండే సన్నగీతతో నీళ్ల కదలికను పసిగడుతుందని చాలా ఏండ్లకు చదివాను. అప్పుడు మాత్రం చేప కూడా బావ పక్షమే అనుకున్నాను.) గట్టుమీద అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నా కోసం నాయన చేత దెబ్బలు తిన్న అక్క! తలకాయ పోతే పోయింది, అక్క కూడా పోయిందే అని ఏడుపొచ్చింది. ఆ పూట బావ తలకాయను నా విస్తట్లోకి మార్చబోతే, "నాకేం వద్దు" అని తోకే తిన్నాను, ముండ్లతో సహా.

మొన్న మా అల్లుడు వచ్చాడు. మా ఆవిడ నా వైపైనా చూడకుండా తలకాయ తీసి అతని కంచంలో వేసింది. కూతురు పక్కన కూర్చుని "తిను, తిను" అంటోంది. ఇంత ముసలితనంలోనూ కడుపులో ఆ పాత మంటే. తోకముక్కలో ముండ్లు ఏరుకుంటూ అన్నాను: "ఏటికి నీళ్లొస్తే ఇద్దరం పోదాం అల్లుడా. నువ్వు మాత్రం ముందు నిలబడాల."