బీరూట్ ఆవిడ

ఎనభైల్లో మేము అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నప్పుడు, మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఒక లెబనాన్ ఆవిడ ఉండేది. యుద్ధానికి ముందు బీరూట్‌లో టూరిస్టులకు ఊరు చూపించడం ఆవిడ ఉద్యోగం. ఇక్కడ ఒక పెద్ద షాపులో సెంట్లు అమ్మేది. అయినా పాత అలవాటు పోలేదు. ఎవరు కనబడినా తమ దేశానికి పిలిచేది.

"ఏప్రిల్‌లో మా దేశం రండి. పొద్దున కొండ మీద మంచు, మధ్యాహ్నం సముద్రస్నానం. మాకు చమురు బావుల్లేవు, వచ్చే అతిథులే మా పంట. హోటల్ బుక్ చేయకండి, మా అమ్మ దగ్గర దిగండి."

"యుద్ధం జరుగుతోంది కదండీ," అన్నాను ఒకసారి.

"ఏప్రిల్ లోపు ఆగిపోతుంది," అంది ధీమాగా.

ఆ చలికాలం బీరూట్‌కి ఫోన్ లైన్లు పనిచేయలేదు. ఆవిడ రోజూ డయల్ చేసి, రిసీవర్ పెట్టేసి, నాకు కాఫీ పోసి, మళ్ళీ తమ కొండల గురించి, ద్రాక్షతోటల గురించి చెప్పేది. చివరికి లైన్ కలిసిన రోజు నేను అక్కడే ఉన్నాను. తమ్ముడితో నాలుగు మాటలు మాట్లాడి గోడకు ఆనుకుంది.

"ఇంటి మీద ఫిరంగి గుండు పడిందట. అమ్మ పోయి నెల దాటిందట," అంది. "పోయిన వారం కూడా మిమ్మల్ని ఆ ఇంటికే రమ్మన్నాను," అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎవరినీ పిలవలేదు. మంచు కరిగాక, ఆవిడ కాస్త మాట్లాడితే చాలునని మావారే అడిగారు, "మీ దేశం ఎప్పుడు వెళ్తే బాగుంటుందండీ?"



"ఫ్లోరిడా వెళ్ళండి," అంది. "అక్కడా సముద్రం ఉంది."