గారెలు తిని స్కానింగ్‌కు వెళ్లిన రోజు

ఇప్పుడు అక్కడ నాలుగు చిన్న మచ్చలు తప్ప ఏమీ లేదు. కుడివైపు పక్కటెముకల కింద, అరచేయి పెడితే సరిగ్గా సరిపోయేంత చోటు. నొప్పి మొదట్లో నెలకోసారి వచ్చేది, తర్వాత వారానికోసారి. వచ్చిందంటే వీపు దాకా పాకేది, గంటా రెండు గంటలు కూర్చోనిచ్చేది కాదు, పడుకోనిచ్చేది కాదు. ఇల్లందు దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న బడిలో నేను టీచర్ని. కుడిచేత్తో బోర్డు మీద కూడికలు రాస్తూ, ఎడమచేత్తో పక్కను అదిమి పట్టుకునేదాన్ని. నా చెయ్యి అక్కడికి పోగానే పిల్లలు అల్లరి ఆపేసేవారు. ఆ రకంగా నా నొప్పి బడికి కొంత మేలే చేసింది.

ఎవరికి చెప్పినా ఒకటే మాట, గ్యాస్. మా ఆయన బొగ్గు గనిలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుతూనే నా రోగం తేల్చేశాడు.

"గదంత గ్యాసే. జల్దీ జల్దీ తింటవ్, గందుకే."

మందుల షాపతనూ గ్యాసే అన్నాడు. సోడా తాగాను, వాము నమిలాను, గోలీలు మింగాను. చుట్టూ అందరూ డాక్టర్లే అయినప్పుడు రోగి మాట వినేదెవరు?

నా భయం వేరే. మా అమ్మకూ ఇదే చోట నొప్పి వచ్చేది. పత్తి ఏరుతూ ఏరుతూ చేను గట్టున పక్క పట్టుకుని కూలబడేది. ఆమెకూ గ్యాసే అన్నారు. నేను పదో తరగతికి వచ్చిన ఏడు, వానల్లో, జ్వరం వచ్చి కళ్లు పచ్చబడ్డాయి. దవాఖానాకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. ఎందుకు పోయిందో మాకెవరూ చెప్పలేదు. నా కూతురు ఇప్పుడు ఏడో తరగతి. నొప్పి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి, పదో తరగతికి ఇంకా ఎన్నేళ్లున్నాయో లెక్కపెట్టుకునేదాన్ని. ఆ లెక్క సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఒక డాక్టరమ్మ ఖమ్మంలో స్కానింగ్ తీయించుకోమని రాసింది, ఖాళీ కడుపుతో వెళ్లమంది.

మా అత్తమ్మకు ఒక పట్టింపు ఉంది. ఆమె గడప దాటి ఎవరూ తినకుండా ప్రయాణం పోకూడదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడి చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టే పంపుతుంది. ఆ రోజు నేను లేచేసరికే పొయ్యి మీద మూకుడులో నూనె కాగుతోంది.

"ఖాళీ కడుపుతోటి రమ్మన్నరు అత్తమ్మా."

"నేను అన్నం పెడ్తున్ననా ఏంది? నాలుగు గారెలు తిను. బస్సుల కండ్లు తిరిగి పడ్తే ఎవరు చూస్తరు?"

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. నవ్వకండి. మా ఇళ్లలో అన్నం పడనంతసేపు కడుపు ఖాళీ కిందే లెక్క. పొద్దున ప్లేటు నిండా పూరీలు తిన్న మనిషి కూడా మధ్యాహ్నం పొద్దుట్నుంచి ఏం తినలేదంటాడు, వినేవాళ్లు అయ్యో అంటారు. నాలుగు కాదు, ఐదు గారెలు తిని, చిక్కటి పాల టీ తాగి బస్సెక్కాను. స్కానింగ్ గదిలో ఏమీ తినలేదు కదా అని అడిగారు. లేదండీ అన్నాను. పిల్లలకు నిజం చెప్పమని నేర్పే టీచర్ని, నిజాయితీగానే చెప్పాను.

రిపోర్టులో ఏమీ లేదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చెప్పిన గద అన్నాడు మా ఆయన. నాకు మాత్రం ఒళ్లు మండింది. మూడోనాడు నొప్పి మళ్లీ వచ్చింది. ఇదంతా నా మనసులో పుట్టిందేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. నొప్పికంటే ఆ అనుమానమే ఎక్కువ ఏడిపించింది.

నెల తర్వాత అత్తమ్మ పక్క క్వార్టర్ ఆమెకు తోడుగా స్కానింగ్‌కు వెళ్లింది. ఆమె టీ తాగి వచ్చిందని తెలిసి అక్కడివాళ్లు వెనక్కి పంపేశారట. టీ తాగితే ఏమవుతుందని అత్తమ్మ వదలకుండా అడిగింది. పాలు, నూనె కడుపులో పడితే గాల్‌బ్లాడర్ అనే పిత్తం సంచి ముడుచుకుపోతుందని, అందులో ఏమున్నా సరిగా కనపడదని వాళ్లు చెప్పారు. సాయంత్రం అత్తమ్మ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నా పక్కన కూర్చుంది. పదిహేనేళ్లలో ఆమె తన తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పునే తిట్టే మనిషి.

"బిడ్డా, తప్పు నాది. నేనే తినిపిచ్చిన. నీ నొప్పి ఆ మిషిన్‌కు కనపడకుంట చేసింది నేనే. రేపు మళ్ల పోదాం."

మా ఆయన ఏదో అనబోయాడు.

"నువ్వు ఊకో. నొప్పి దానికా, నీకా?"

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ సంగతి, నా లెక్క సంగతి మొదటిసారి ఆమెకే చెప్పాను. వీపు నిమురుతూ విన్నది.

తెల్లారి పొయ్యి వెలగలేదు. ఆమె కూడా ఏమీ తినలేదు. మీరెందుకు మాడటం అంటే, "నేను తింటె నీకు పెట్టకుంట ఉండలేను, నా సంగతి నాకు తెల్వదా" అంది. బస్సులో పక్క సీటామె ఉడకబెట్టిన పల్లీలు ఇవ్వబోతే, నాకంటే ముందు తనే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

ఈసారి కనపడ్డాయి. నాలుగు రాళ్లు. డాక్టరు స్క్రీను నావైపు తిప్పి చూపించాడు. ఆపరేషన్‌తో పోతాయన్నాడు. నేను అడగాల్సింది అడిగాను. వీటివల్ల జ్వరం వచ్చి, కళ్లు పచ్చబడి, మనిషి పోవచ్చా? వదిలేస్తే, ఒక రాయి జారి అడ్డం పడితే అలా జరగొచ్చన్నాడు. అమ్మకు ఇదే అయ్యుంటుందని ఖాయంగా చెప్పలేను. కానీ ఇన్నేళ్లకు ఒక జవాబు లాంటిది దొరికింది, నేను బతుకుతానన్న మాటా ఆ గదిలోనే దొరికింది. అత్తమ్మకు నేను రుణపడ్డది ఆ రెండింటికీ.

బయట బెంచీ మీద కూర్చుని ఆమె వెంట తెచ్చిన గిన్నె మూత తీసింది. నూనె చుక్క లేని మజ్జిగన్నం. రాత్రే వండి పెట్టిందట. మొదటి ముద్ద నాకు పెడుతుందనుకుని నోరు తెరిచాను. ఆమె దాన్ని మూతలో పక్కకు పెట్టింది.

"ఇది మీ అమ్మకు," అని రెండో ముద్ద నా నోటికి అందించింది.