కోసిన నీలిరంగు వైరు

మా కారులో పాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసుకు పోయి వచ్చే ట్రాఫిక్‌లో నాకు ఊపిరాడేది ఆ పాటలతోనే. ముచ్చటపడి డిక్కీలో ఆంప్లిఫయర్ కూడా పెట్టించుకున్నాను.

మహదేవపురలో కారు సామాన్లు అమ్మే షాపతను డిక్కీలోకి తొంగిచూసి, స్క్రూడ్రైవరైనా తీయకుండా తేల్చేశాడు.

"బోర్డు పోయుండాది మేడం. కొత్తది వేసుకోండి."

పరీక్షించకుండా ఎలా చెప్తావని అడిగాను.

"సార్‌ను పిలుచుకోని రాండి, ఆయనకు చెప్తా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. డిక్కీ దబ్బున మూసి వచ్చేశాను.

ఆదివారం పొద్దున కుందలహళ్ళిలో మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లోనే మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. అక్కడ వెలుతురు చాలదు, అందుకని మా ఆయన ఫోను లైటు పట్టుకున్నాడు. ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది. గ్రౌండు వైరూ బిగుతుగానే ఉంది. మిగిలింది సన్నటి నీలిరంగు వైరు. స్టీరియో పెట్టగానే ఆంప్లిఫయర్‌ను కూడా ఆన్ చేసేది అదే. అక్కడ మీటరు సున్నా చూపించింది. చిన్న వైరుముక్కతో బ్యాటరీ కరెంటును ఆ చోటికి తాకించాను. ఆంప్లిఫయర్ మీది ఆకుపచ్చ లైటు వెలిగింది. పాట మోగింది!

"చూశావా, బోర్డుకేమీ కాలేదు!" అని అరిచాను.

మా ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. "ఎలుకేమన్నా వైరు కొరికిందేమో. టిఫిన్ చేసినాంక చూద్దాం రా."

నేను వినలేదు. తలుపు కింది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తాను. నీలిరంగు వైరు రెండు ముక్కలై ఉంది. ఎలుక కొరికింది కాదు, కట్టరుతో కోసింది. రెండు కొసలకూ విడివిడిగా నల్ల టేపు చుట్టి ఉంది. షార్టు కాకూడదని ఎంత జాగ్రత్తో!

తలెత్తి చూశాను. మా ఆయన చూపు తిప్పుకున్నాడు.

"నువ్వేనా?"

ఆయన ఫోను లైటు ఆర్పేశాడు.

"ఏమప్పా, నిన్నే అడుగుతుండేది. ఇంతసేపూ నేను వెతుకుతుంటే లైటు పట్టుకుని చూస్తా నిలబడినావా?"

"అసోసియేషన్ గ్రూపులో కంప్లైంట్ ఇచ్చిండారు, పొద్దున్నే మీ కారు సౌండుకు నిద్ర చెడతా ఉండాదని. నేనే సారీ చెప్పినా. నీకు చెప్తే గలాటె చేస్తావని..."

"నాకు తెలీకుండా నా తరఫున సారీ ఎట్ల చెప్తావు? సౌండు తగ్గించమంటే తగ్గించనా నేను?"

వైరు కొసలు రెండూ గీకి, సోల్డరుతో అతికించి, టేపు చుట్టాను. మా ఆయన సాయం చేయబోతే "ముట్టుకోవద్దు" అన్నాను.

తర్వాత కంప్లైంట్ ఇచ్చిందెవరో ఆయన్నడిగి, మొదటి అంతస్తు పెద్దావిడ ఇంటికి నేరుగా వెళ్లాను.

"గేటు దాటినాంక పెట్టుకోమ్మా, అంతే నేననేది. నీకు ఆ మాట చెప్పనే లేదా ఆయప్ప?" అని ఆవిడే ఆశ్చర్యపోయింది.

అప్పటినుంచి గేటు దాటాకే పాట పెడుతున్నాను. గ్రూపులో నా నంబరు కూడా చేర్పించుకున్నాను. మా ఆయన ఒకటికి రెండుసార్లు తప్పయిందన్నాడు గానీ, ఎవరైనా అడిగితే మాత్రం "ఒక వైరుకు ఇంత రాద్ధాంతం" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మళ్ళీ కోపం ముంచుకొస్తుంది.