వరంగల్‌లో స్థలం చూడబోయి, వరద దారి చూశాను

భార్య పోయాక హైదరాబాద్ ఫ్లాటులో కొన్ని రోజులు నోరు విప్పే పనే ఉండేది కాదు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన వరంగల్‌లో చిన్న ఇల్లు కట్టుకుంటే తెలిసిన వీధులైనా తోడుంటాయనిపించింది. అందుకే ఆగస్టులో ఒక శనివారం, కొత్త వెంచర్‌లో ప్లాటు చూసి రావడానికి ఒక్కడినే బయలుదేరాను. ఉదయం ఆరు దాటాక సికింద్రాబాద్‌లో రైలెక్కి, ఎనిమిదిన్నరకు కాజీపేటలో దిగాను. స్టేషన్ బయట ప్రభాకర్ అనే ఆటో డ్రైవరు మధ్యాహ్నం దాకా తిప్పడానికి ఆరువందలకు ఒప్పుకున్నాడు.

వెంచర్ ఊరి చివర ఎత్తు మీద ఉంది. హద్దురాళ్లు, సిమెంట్ రోడ్లు, పెద్ద గేటు. మనిషి జాడ లేదు. ముందురోజు గట్టి వాన పడినా చెప్పులకు బురద అంటలేదు. నాకు నచ్చింది. ఆ మాటే అంటే ప్రభాకర్ పల్లం వైపు చెయ్యి చూపించాడు.

“ఇవన్నీ వరి పొలాలుండె సార్. కింద కుంట ఉండె. ఎంత వాన కొట్టినా మడికట్లల్ల, కుంటల ఆగి నిమ్మళంగ దిగుతుండె. మూడేండ్ల కింద మట్టి పోసి చదును చేసిండ్రు. నీళ్లు ఆగేతందుకు జాగేది?”

“మరి ఎటు పోతాయి?”

“నాలాలకు. ఆడ మా అక్క ఉంటది. జర చూస్తరా?”

వాననీళ్లు పోయే ఆ నాలా వెంట నాలుగు కిలోమీటర్లు దిగాం. దారి పొడవునా దానికి రెండువైపులా గోడలు, షెడ్లు; కొన్నిచోట్ల నాలాకు ఆటో వెడల్పు కూడా మిగల్లేదు. వాళ్లక్క మరియమ్మకు అరవై దాటి ఉంటాయి. ఒక్కతే ఉంటుంది. గోడకు సిలువ, దాని కింది అంచు దాకా బురద మరక. ఛాయ్ ఇచ్చి, నేను అడగకుండానే చెప్పింది.

“రెండేండ్ల కింద, పొద్దున పొయ్యి ముట్టిచ్చిన. అన్నం ఉడికేలోపట్నే నీళ్లు మంచం ఎక్కినయ్. మా ఆయనకు పక్షవాతం. కుట్టుమిషను బల్ల మీద కూసోబెట్టి, మాపటి దాకా పట్టుకొనే నిలవడ్డ. నీళ్లు పోయినయ్ గాని ఆయనకు నిమ్ము చేసింది. దవాఖానల పదొద్దులుండి పోయిండు. ఎన్నేండ్లసంది ఈడ్నే ఉన్నం బిడ్డా, నీళ్లు ఎప్పుడొచ్చినా గడప దాకనే వచ్చేటియి.”

తర్వాత నన్ను అడిగింది: “నువ్వేం పని మీద వచ్చినవ్?”

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. “పైన ప్లాటు చూడ్డానికమ్మా.”

ఆమెకు కోపం రాలేదు. నా చేతిలోని గ్లాసు అందుకుంటూ, “మంచిగనే ఉంటది. ఆడికి నీళ్లు రావు,” అంది.

తిరుగు రైలు కోసం కాజీపేట ప్లాట్‌ఫారం మీద రెండు గంటలు కూర్చున్నాను. అక్కడి నుంచే వెంచర్ వాళ్లకు ఫోన్ చేసి ప్లాటు వద్దని చెప్పాను. నేనొక్కడిని మానుకుంటే ఆ కుంట తిరిగి రాదు; ఇంకెవరో కొంటారు. అయినా నా ఒంటరితనం పోవడానికి కట్టుకునే ఇంటి కప్పు మీద వాన, మరొకరిని ఒంటరిని చేసిన దారినే పోతుందని తెలిశాక అక్కడ ఉండలేను. ఇంటికొచ్చి ఇదంతా చెప్పుకోవడానికి మనిషి లేక ఇక్కడ రాస్తున్నాను.

స్థలం కొనే ఆలోచనతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వానాకాలంలోనే వెళ్లండి. గేటు దగ్గర ఆగిపోకండి. అక్కడి నీళ్లు పోయే దారి వెంట కిందికి దిగి, చివరి ఇంటివాళ్లతో ఒక్కసారి మాట్లాడండి.