కూచింగ్‌లో ఆరని గంజి చీర

పదకొండేళ్ళ తరువాత సుశీల నోరు విప్పింది, అదీ వాట్సాప్‌లో. బహ్రెయిన్ రాజధాని మనామాలో మేమిద్దరం పని చేసిన బడి పాత టీచర్ల గ్రూపులో ఒక నది ఫోటో పెట్టి, "కూచింగ్ చూడాలనుకునేవాళ్ళు ఎవరైనా రావచ్చు, మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ దొరుకుతుంది" అని రాసింది. పేరు పెట్టి ఎవరినీ పిలవలేదు. అయినా పిలుపు నాకేనని నాకు తెలుసు, ఎందుకంటే గ్రూపులో మిగతా ఎవరితోనూ ఆమెకు తగువు లేదు. ఆమె ఉద్యోగం మానేసి మలేషియాలో, ఆ కూచింగ్‌లోనే ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నప్పుడు, వీడ్కోలు సభలో నేను మైకు పుచ్చుకుని, "సుశీల చీరకి గంజి ఉండదు, పాఠానికీ ఉండదు, అయినా పిల్లలు పాసయ్యారు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇప్పుడు నాకు అరవై తొమ్మిది, ఆమెకు డెబ్భై ఒకటి. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాని పనుల్లో మొదటిది. కానీ ఇంకో పదకొండేళ్ళు వాయిదా వేసేంత వ్యవధి ఇద్దరిలో ఎవరికుందని?

ఇరవై రెండేళ్ళు భూగోళం చెప్పినదాన్ని. భూమధ్యరేఖ దగ్గర అడవుల్లో గాలి నిండా తేమ ఉంటుందని, మధ్యాహ్నం దాటితే వాన ఖాయమని ఏటా మూడు సెక్షన్ల చేత బట్టీ పట్టించాను. అంతా తెలిసి, మనామా పక్కన బుసైతీన్‌లో మా అమ్మాయి ఇంటి మేడ మీద నిలబడి ఆలోచించి, రెండంటే రెండు నేత చీరలు సర్దుకున్నాను. ఇక్కడ తడిచీర దండెం మీద వేసి, కిందికి దిగి కాఫీ తాగి వచ్చేసరికి అప్పడంలా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండ ఇంత గారాబం చేస్తే ఎవరి బుద్ధి అయినా మందగిస్తుంది. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద అన్నది నా లెక్క. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా పమిట కత్తిలా నిలబడాలని, వెంకటగిరి చీరతో పాటు గంజికి సగ్గుబియ్యం పొట్లం కూడా పెట్టుకున్నాను.

విమానాశ్రయానికి అల్లుడి కంపెనీ వ్యాను నడిపే రాజన్న తీసుకెళ్ళాడు. జగిత్యాల వైపు మనిషి, సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉంటాడు. నా సంచీని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"గింతేనా అమ్మా సామాన్? అడవికి పోతున్నరా, పక్క గల్లీ అద్లియాల చాయ్ తాగ పోతున్నరా?"

"ఉతుక్కుంటే ఆరవా ఏమిటి?"

"మన దుబాయిల ఆరుతయి. ఆడి సంగతి నాకెర్క లేదు. యల్లా, ఎక్కుండ్రి." బహ్రెయిన్ వచ్చి పదిహేనేళ్ళయినా అతనికి ఇది దుబాయే.

మధ్యలో ఒకచోట విమానం మారి కౌలాలంపూర్ చేరాను. అక్కడినుంచి కూచింగ్ గంటా ముప్పావు. దేశం ఒకటే అయినా సరవాక్ రాష్ట్రంలో దిగగానే మళ్ళీ పాస్‌పోర్ట్ చూస్తారు, పెట్టె అడుగున దాచకండి. ఊళ్ళోకి టాక్సీకి ఇరవై రింగిట్లయింది. నేను దిగిన గెస్ట్ హౌస్ నది ఒడ్డున పాత దుకాణాల వీధిలో ఉంది. ఒకప్పుడు అడవి లోపలినుంచి మిరియాలు పడవల్లో ఇక్కడికే దిగేవట. ఇప్పటికీ కొన్ని దుకాణాల ముందు నడిస్తే తుమ్ము వస్తుంది. చేరగానే, నలిగిన వెంకటగిరి చీరకి గంజి పెట్టి వరండాలో ఆరేసి, ఒంటి మీది చీరతో నది వెంట షికారుకి బయలుదేరాను. టీ రంగు నీళ్ళు, అవతలి ఒడ్డున తెల్లటి కోట, దాని వెనక ఆకాశాన్ని కూడా వదలని పచ్చదనం. నాలుగింటికి వాన వచ్చింది. నేను చెప్పిన పాఠం నా నెత్తి మీదే కురిసింది.

మరునాడు తొమ్మిదింటికి చూస్తే తడిసిన చీర నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గంజి పెట్టినది మెత్తగా, జిగటగా, పులిసిన పిండి వాసనతో వేలాడుతోంది. వస్తానని గ్రూపులోనే రాశాను, పదకొండింటికి సుశీల ఇంట్లో ఉండాలి. నైటీలో నిలబడి చీరని వాసన చూస్తున్న నన్ను వంటావిడ హలీమా పట్టుకుంది. ముందురోజు రాత్రి నాకు అడవి ఫెర్న్ ఆకు వెల్లుల్లితో వేయించి పెట్టిన మహాతల్లి. (శాకాహారులు రొయ్యల ముద్ద వద్దని ముందే చెప్పుకోవాలి.) ఇద్దరికీ వచ్చిన అరకొర ఇంగ్లీషులోనే మా సంభాషణ.

"ఇంకో రెండు రోజులు ఉంచండి, దాని మీద మొలిచిన పుట్టగొడుగులు కోసి కూర చేస్తాను."

"మరి మీ బట్టలెలా ఆరుతాయమ్మా?"

"ఆరవు. మేమే అలవాటు పడతాం."

తన సరోంగ్ ఒకటి, పొడుగు చేతుల జాకెట్టు ఒకటి తెచ్చి ఇచ్చింది. సరోంగ్ అంటే లుంగీయే, కాకపోతే దీని మీద పళ్ళెమంత మందార పూలున్నాయి. కట్టుకున్నాను. అద్దంలో మా ఊరి తాపీమేస్త్రీ కనిపించాడు.

సుశీల ఇల్లున్న అవతలి ఒడ్డుకి చెక్క పడవలో అయిదు నిమిషాలు, ఒక రింగిట్, మన బహ్రెయిన్ చిల్లరలో వంద ఫిల్సుల లోపే.

"ఏ ఊరు, మక్‌చిక్?" అన్నాడు పడవవాడు. పెద్దావిడని అక్కడ అలా పిలుస్తారు.

"బహ్రెయిన్."

"అక్కడ వాన పడుతుందా?"

"గట్టిగా పడిన రోజు బడికి సెలవు."

"ఆ లెక్కన మా పిల్లలకి చదువే ఉండదు!" అని అతను నవ్విన నవ్వుకి పడవ ఊగింది.

సుశీల తలుపు తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, మందారాల దగ్గర ఆగింది.

"ఏమే రత్నం, గంజి ఏదీ?"

"పులిసిపోయింది."

అప్పుడు చూశాను, ఆమె కట్టుకున్నదీ సరోంగే. నేను ఊపిరి పీల్చుకుని, "ఆ రోజు సభలో నేనన్నది..." అని ఆగాను.

"పూర్తిగా చెప్పు. పదకొండేళ్ళు ఆగింది సగం మాట కోసం కాదు."

"తప్పే సుశీలా. నీ పాఠం వినడానికి నా క్లాసు పిల్లలు కిటికీ దగ్గర చేరేవాళ్ళు. అది ఓర్చుకోలేక అన్నాను."

తలుపు పూర్తిగా తెరిచింది. "లోపలికి రా. కాఫీ చల్లారితే మళ్ళీ కాచను."

కాఫీ అయ్యాక మంచం కిందనుంచి ఒక పెట్టె లాగింది. పన్నెండు చీరలు, ఒక్కోదాని మీద ఒక్కో దేశం పటంలా బూజు మచ్చలు. "కట్టుకోలేను, పారెయ్యలేను. తీసుకెళ్ళి ఎండ చూపించవే." గల్ఫ్‌లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా పక్కవాళ్ళ సామాన్ మొయ్యడం మామూలే. బూజు మోసింది మాత్రం నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"ఏందమ్మా, పొయ్యేటప్పుడు చాయ్ సంచి, అచ్చేటప్పుడు పెండ్లి పెట్టె!" అన్నాడు రాజన్న, తిరిగొచ్చిన రోజు బహ్రెయిన్ విమానాశ్రయం బయట. వ్యానులో కాస్త దూరం వెళ్ళాక ముక్కు ఎగబీల్చాడు. "గీ వాసనేందమ్మా?"

"వాన వాసన."

ఏసీ తగ్గించి ఇంకోసారి గట్టిగా పీల్చాడు. "మా ఊరి లెక్కనే ఉన్నది" అని, ఇల్లు చేరేదాకా ఏసీ పెంచలేదు.

పాఠాలు చెప్పినంతకాలం వాతావరణమంటే పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అనుకున్నాను. మనుషులు అందులో ఉతుక్కుని ఆరేసుకుని బతుకుతారని అరవై తొమ్మిదో ఏట తెలిసింది. మచ్చలకి నిమ్మకాయ రుద్ది ఉతికి ఆరేస్తే, పన్నెండు చీరలూ మా మేడ మీద గంటలో ఆరాయి. మచ్చలు పూర్తిగా పోలేదు. ఫోటో తీసి ఈసారి గ్రూపులో కాకుండా విడిగా పంపాను: "ఆరాయి. గంజి పెట్టనా?" సాయంత్రానికి జవాబొచ్చింది: "పెట్టి ఉంచు. కట్టుకోవడానికి నేనే వస్తా."

కూచింగ్ వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. నేత చీరలు వద్దు, దులిపితే ఆరిపోయే నైలాన్ చీరలు అయిదు పెట్టుకోండి. సగ్గుబియ్యం పొట్లం ఇంట్లోనే వదిలెయ్యండి.