కిలో మైదాకు రెండు చుక్కలు

గత ఏడాది డిసెంబరు. ఏలూరు బజారులోని ఒక సెంట్ల దుకాణంలో నేను సేల్స్‌మన్‌గా చేరి రెండేళ్ళు కావస్తోంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ కెమిస్ట్రీ. అందువల్ల కొనేవారు ఏది అడిగినా కారణంతో సహా చెప్పాలన్న పట్టుదల ఉండేది. "చలికాలానికి తియ్యని వెనిల్లా, రెండు రకాలు" అని గుమ్మం ముందు బోర్డు రాసినదీ నేనే.

ఒక మధ్యాహ్నం ఆ బోర్డు చూసి, కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చిన సుగుణమ్మగారనే పెద్దావిడ లోపలికి వచ్చారు. రెండు బ్లాటర్ల మీద, అంటే వాసన చూసే కాగితపు పట్టీల మీద, చెరొక చుక్క వేసి ఇచ్చాను. ఒకటి బెల్లం పాకంలా ముదురు వాసన. రెండోది మరిగిన పాలలా మెత్తన.

"పోయినేడు కొన్నది వాసనే నిలవలేదండీ. వీటిలో ఏది నిలుస్తుందంటారు?"

"రెండూ నిలుస్తాయండీ. వెనిల్లా బేస్ నోట్, అంటే చివరిదాకా మిగిలే వాసన. చలికి త్వరగా ఎగిరిపోదు."

"వేడి తగిల్తేనో?"

"ఇంకా గుబాళిస్తుందండీ."

"పిల్లలకి పడుద్దా బాబూ?"

"ఆల్కహాల్ లేదండీ, భయం లేదు. రెండు చుక్కలు చాలు."

"హమ్మయ్య! ఆల్కహాల్ ఉండకూడదని మా పాస్టరమ్మగారు గట్టిగా చెప్పారు. పాల వాసనది ఇచ్చెయ్యండి."

సీసా పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగారు.

"రెండు చుక్కలంటే కిలో మైదాకేనా అండీ?"

ఒక్క అంగలో కౌంటరు దాటి ఆమె చేతిలోని పొట్లం లాక్కున్నాను. పెద్దల ఎదుట అంత మొరటుగా నేనెన్నడూ ప్రవర్తించలేదు.

"ఇది తినేది కాదండీ! ఒంటికి రాసుకునే సెంటు!"

"సెంటా? తియ్యనిదని రాశారు కదండీ? పిల్లలకి భయం లేదన్నారు కదండీ?"

ఆమె స్టూలు మీద కూలబడ్డారు. "క్రిస్మస్ కేకుకండీ. సండే స్కూల్లో నలభై మంది పిల్లలు... ఆ చివరి మాట ప్రభువే అడిగించాడు నా చేత."

నేనే వెంట వెళ్ళి బేకరీ సామాన్ల కొట్లో ఎసెన్స్ ఇప్పించాను. తిరిగి వచ్చి, బోర్డు మీద "ఒంటికి మాత్రమే" అని చేర్చాను.

ఆ రోజు నేను చెప్పిన జవాబుల్లో ఒక్కటీ తప్పు కాదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. వేడి అంటే నాకు ఒంటి వేడి, ఆమెకు ఓవెన్. ఇప్పుడు ఎవరు వచ్చినా, సీసా మూత తీయకముందే అడుగుతున్నాను: "దేనికండీ?"